మ్యుటేషన్ తర్వాత ప్రొటీన్ లోపల ఏం మారింది? టోపాలజీతో చూసే పద్ధతి, మొదటి నుంచి

నల్గొండ చుట్టుపక్కల ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నా ఫోనుకు తీరిక ఉండదు. మిర్యాలగూడ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఇంకొకరు. అడిగేది మాత్రం ఒకటే. "మేడం, మ్యుటేషన్ ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టి చూసిన. బార్‌కోడ్లు ఒక్కతీరుగనే వచ్చినయి. ఇప్పుడేం రాయాలె?" (బార్‌కోడ్ అంటే ఇక్కడ ప్రొటీన్ ఆకారాన్ని గీతలుగా చూపే పటం, కింద చెప్తాను.) కొందరిది దీనికి ఉల్టా: "మొత్తం మారిపోయింది మేడం, మస్తు రిజల్ట్!" నిజం చెప్పాలంటే ఈ రెండో రకం ఫోన్లకే నాకు ఎక్కువ టెన్షన్. తేడా కనబడటం కష్టమేమీ కాదు. రెండు వేర్వేరు ఫైళ్లు పెడితే ఏదో ఒక తేడా వచ్చే తీరుతుంది. అది మ్యుటేషన్ వల్లే వచ్చిందని తేల్చడంలోనే పనంతా ఉంది.

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉదాహరణగా ఒకే ప్రొటీన్ తీసుకుందాం, చివరిదాకా దానితోనే పోదాం.

సిద్ధాంతం, కాఫీ తాగేలోపు

గారెకు నడుమ బొక్క ఉంటుంది, వేలు ఇటు నుంచి అటు పోతుంది. పొంగిన పూరీకి అలాంటి బొక్క ఉండదు కానీ లోపల డొల్ల ఉంటుంది. టోపాలజీలో గారె బొక్కను ఒకటో డైమెన్షన్‌లో, పూరీ డొల్లను రెండో డైమెన్షన్‌లో లెక్కిస్తారు. విడివిడి ముక్కలు ఎన్నున్నాయనేది సున్నా డైమెన్షన్.

ప్రొటీన్‌లో ఒక్కో పరమాణువు ఒక చుక్క. వాకిట్లో ముగ్గు చుక్కల మీద తడి పడితే పిండి చుట్టూ పాకినట్టు, ప్రతి చుక్క చుట్టూ ఒక గోళాన్ని నెమ్మదిగా పెంచుతాం. గోళాలు తగులుకున్న కొద్దీ ముక్కలు కలుస్తాయి, బొక్కలు పుడతాయి, డొల్లలు మూసుకుంటాయి, చివరికి అవీ పూడిపోతాయి. ఒక్కోటి ఏ వ్యాసార్ధం దగ్గర పుట్టిందో, ఎక్కడ పోయిందో గీత గీస్తే వచ్చేదే బార్‌కోడ్. ఈ మొత్తానికి పర్సిస్టెంట్ హోమాలజీ అని పేరు. మిగతాది చేస్తూ నేర్చుకోవచ్చు.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. లేకపోతే గూగుల్ కోలాబ్, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా నడుస్తుంది.
- పైథాన్, అందులో మూడు లైబ్రరీలు: ఫైళ్లు చదవడానికి బయోపైథాన్, బార్‌కోడ్ కట్టడానికి గుధీ, రెండు బార్‌కోడ్ల మధ్య దూరం కొలవడానికి పెర్సిమ్. మూడూ ఉచితం.
- బొమ్మ చూడటానికి కైమెరాఎక్స్ గానీ పైమాల్ గానీ.
- ఒక నోటుబుక్కు, కాగితందే. ఏ ఫైల్లో ఏం తీసేశారో రాసుకోకపోతే వారం తర్వాత మీకే గుర్తుండదు.

సికిల్ సెల్‌తో మొదలుపెట్టొద్దు

పదిమందిలో ఎనిమిదిమంది హీమోగ్లోబిన్ పట్టుకుంటారు. బీటా గొలుసులో 6వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తే సికిల్ సెల్ అని ఇంటర్ నుంచీ చదివాం కదా, మనకు తెలిసిన మ్యుటేషన్ అది. కానీ ఆ 6వ స్థానం ప్రొటీన్ పైతలం మీద ఉంది. అక్కడ వాలిన్ వచ్చినా గొలుసు ముడత దాదాపు మారదు. అసలు గొడవ పక్క అణువుతో. ఈ వాలిన్ వెళ్లి పక్క హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 85వ ఫెనైల్‌అలనిన్, 88వ ల్యూసిన్ దగ్గరున్న గుంతలో ఇరుక్కుంటుంది. అలా అణువులు ఒకదానికొకటి తగులుకుని దారాలుగా పేరుకుంటాయి. మీరు ఒక్క బీటా గొలుసునే తీసి బార్‌కోడ్ కడితే "ఏం మారలే" అనే వస్తుంది, అది సరైన జవాబే. దేవరకొండ నుంచి ఫోన్ చేసిన అమ్మాయికి వచ్చింది ఇదే. ఆమె లెక్క తప్పు కాదు, తీసుకున్న ముక్కే చిన్నది.

ఇంకో రెండు ఉచ్చులు అక్కడే ఉన్నాయి. ఒకటి, "ప్రొటీన్ కానివన్నీ తీసెయ్" అని రాస్తే హీమ్ (గొలుసులో కూర్చున్న, ఇనుము ఉన్న అణువు) కూడా పోతుంది. ప్రతి గొలుసులోనూ హీమ్ ఉన్నచోట పెద్ద ఖాళీ మిగులుతుంది, మ్యుటేషన్‌కు దానికి సంబంధం లేదు. రెండు, జన్యు రిపోర్టుల్లో ఇదే మ్యుటేషన్‌ను 7వ స్థానం అంటారు, మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కపెడతారు కాబట్టి. స్ట్రక్చర్ ఫైల్లో అది 6.

కాబట్టి నేర్చుకునేటప్పుడు, జవాబు ముందే తెలిసిన ప్రొటీన్ తీసుకోండి. మనం వాడబోయేది టీ4 లైసోజైమ్. 164 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. 99వ స్థానంలోని ల్యూసిన్‌ను అలనిన్‌గా మారిస్తే లోపల దాదాపు 150 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌ల డొల్ల పడుతుందని, అందులో బెంజీన్ అణువు కూర్చోగలదని 1990ల మొదట్లోనే ప్రయోగాలతో తేల్చారు. పూరీ డొల్ల అన్నాం చూడండి, అచ్చంగా అదే.

1. ఫైళ్లు దించుకోండి

పీడీబీ (ప్రొటీన్ స్ట్రక్చర్లు దాచిపెట్టే ఉచిత ఆన్‌లైన్ భాండారం) నుంచి నాలుగు:

- 1ఎల్63: పోలికకు వాడే వైల్డ్ టైప్, అంటే మన మ్యుటేషన్ లేని రూపం.
- 1ఎల్90: 99వ స్థానం మారిన మ్యుటెంట్, డొల్ల ఖాళీగా.
- 4డబ్ల్యూ51: అదే మ్యుటెంట్, చాలా ఏళ్ల తర్వాత వేరేవాళ్లు చేసిన స్ట్రక్చర్, ఇదీ ఖాళీగానే.
- 181ఎల్: అదే మ్యుటెంట్, డొల్లలో బెంజీన్‌తో.

ఈ పేర్లలో ఎల్ అనేది అక్షరం, ఒకటి అంకె కాదు. కొన్ని ఫాంట్లలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, పొరపాటున వేరే ప్రొటీన్ దిగుతుంది. పేజీ తెరిచి ప్రొటీన్ పేరు చదివాకే దించండి.

హెచ్చరిక: వైల్డ్ టైప్ అనగానే 2ఎల్‌జెడ్‌ఎం తీసుకునేవాళ్లు చాలామంది. అసలు సిసలు టీ4 లైసోజైమ్ అదే, నిజమే. కానీ మన మ్యుటెంట్‌ను దానిమీద కట్టలేదు. 54, 97 స్థానాల్లోని రెండు సిస్టీన్లను ముందే థ్రియోనిన్, అలనిన్‌గా మార్చిన రూపం మీద కట్టారు. ఆ రూపమే 1ఎల్63. 97 అంటే 99కి పక్కిల్లే. తప్పు వైల్డ్ టైప్ పెడితే ఒక్క మ్యుటేషన్ అనుకుంటూ మూడింటి తేడా కొలుస్తారు. మ్యుటెంట్ ఫైలు పైభాగంలో అమైనో ఆమ్లాల వరుసలో చేసిన మార్పులు రాసిన పంక్తులుంటాయి. అక్కడ 54, 97, 99 మూడూ కనబడాలి.

2. శుభ్రం చేయండి

నీళ్లు తీసేయండి. అయాన్లు, ద్రావణంలోంచి వచ్చి అంటుకున్న బీటా మెర్‌కాప్టోఇథనాల్ లాంటివీ తీసేయండి. కొన్ని పరమాణువులకు ఫైల్లో రెండు స్థానాలు ఇచ్చి ఉంటాయి. ఎక్కువ వాటా ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచండి, లేకపోతే ఒకే పరమాణువు రెండు చుక్కలై కూర్చుంటుంది. హైడ్రోజన్లు ఒక ఫైల్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే పోలికకు అర్థం లేదు. అన్నిట్లోంచీ తీసేయండి. ఈ ప్రొటీన్ తోక చివరి రెండు అమైనో ఆమ్లాలు చాలా స్ట్రక్చర్లలో సరిగా కనబడవు, అందుకని అన్ని ఫైళ్లనూ 1 నుంచి 162 దాకానే కత్తిరించండి.

181ఎల్‌ను మాత్రం రెండు రకాలుగా దాచుకోండి: బెంజీన్‌తో ఒకటి, బెంజీన్ లేకుండా ఒకటి.

సరిచూసుకోండి: 99వ స్థానంలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కపెట్టండి. వైల్డ్ టైప్‌లో 8 రావాలి, మ్యుటెంట్‌లో 5. ల్యూసిన్‌కూ అలనిన్‌కూ తేడా మూడు కార్బన్లు, అంతే. ఈ 8, 5 రాకపోతే ముందుకు పోవద్దు.

ఒక ప్రొటీన్‌ను తిప్పి ఇంకోదాని మీద సర్దాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. బార్‌కోడ్‌కు కావలసింది చుక్కల మధ్య దూరాలే, ప్రొటీన్ ఎటు తిరిగి ఉన్నా ఒకటే. (అద్దంలో బొమ్మను పెట్టినా అదే బార్‌కోడ్ వస్తుంది. కుడి, ఎడమ తేడా ఈ పద్ధతికి తెలియదు. మనకిక్కడ దాంతో ఇబ్బంది లేదు.)

3. ఏ పరమాణువులు తీసుకోవాలో తేల్చుకోండి

సగం ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. చాలా ట్యుటోరియల్స్‌లో ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్క సీ-ఆల్ఫా కార్బన్ (వెన్నెముకలో పక్క గొలుసు తగులుకునే కార్బన్) తీసుకుంటారు. చుక్కలు తక్కువ, పని తొందరగా అవుతుంది. ప్రొటీన్ వెన్నెముక ఎలా ముడుచుకుందో చూడాలంటే అది బాగానే ఉంటుంది. కానీ ల్యూసిన్ పోయి అలనిన్ వస్తే మారేది పక్క గొలుసు, వెన్నెముక దాదాపు కదలదు. సీ-ఆల్ఫాలు మాత్రమే చూస్తే ఆ మూడు కార్బన్లు మీ లెక్కలో అసలు లేనే లేవు. గోడ పగిలిందా అని అడిగి ఇంటి పటం చూసినట్టు.

మన పనికి హైడ్రోజన్లు తప్ప అన్ని పరమాణువులూ కావాలి, సుమారు 1300 చుక్కలు.

కార్బన్లను మాత్రమే తీసుకునే పద్ధతి కూడా ఉంది. మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీలో గువో-వెయ్ వెయ్ బృందం మూలకాలను విడదీసి బార్‌కోడ్లు కట్టి, వాటిని మెషీన్ లెర్నింగ్‌కు ఇచ్చి, మ్యుటేషన్ వల్ల ప్రొటీన్ స్థిరత్వం ఎంత మారుతుందో అంచనా వేసింది. అక్కడ అది పనికొచ్చింది. డొల్ల వెతికేటప్పుడు మాత్రం వద్దు: నైట్రోజన్లు, ఆక్సిజన్లు తీసేస్తే వాటి చోట్లన్నీ ఖాళీలుగా కనబడతాయి, లేని డొల్లలు పుట్టుకొస్తాయి.

4. బార్‌కోడ్ కట్టండి: ఆల్ఫా కాంప్లెక్స్‌తోనే

రిప్స్ అనే పద్ధతి పేరు మీకు ముందు తగులుతుంది. ఈ పనికి దాన్ని వాడొద్దు. రెండో డైమెన్షన్ దాకా పోవాలంటే అది నాలుగేసి చుక్కల గుంపులన్నీ చూడాలి. 1300 చుక్కల్లో అలాంటి గుంపులు సుమారు 11,800 కోట్లు. ఒకసారి మా ల్యాబ్‌లో ఒకతను ఇది నడిపించి టీకి పోయొచ్చాడు. వచ్చేసరికి మౌస్ కూడా కదలడం లేదు, చివరికి బటన్ నొక్కి పట్టుకుని ఆర్పాల్సి వచ్చింది. ఆల్ఫా కాంప్లెక్స్ పక్కపక్కన ఉన్న చుక్కలనే చూస్తుంది కాబట్టి అలాంటి గుంపులు పదివేల దగ్గర ఆగుతాయి, పని చిటికెలో అయిపోతుంది.

గుధీలో ఆల్ఫా కాంప్లెక్స్‌కు చుక్కల జాబితా ఇవ్వండి, దాన్నుంచి సింప్లెక్స్ ట్రీ (చుక్కల గుంపులను గుధీ దాచుకునే రూపం) తయారు చేయించండి, పర్సిస్టెన్స్ అడగండి. కోడ్ నాలుగైదు పంక్తులే, గుధీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నది ఉన్నట్టు పనిచేస్తుంది.

ఇప్పుడు అందరూ పడే గుంత. గుధీ ఆల్ఫా కాంప్లెక్స్ మామూలుగా ఇచ్చే విలువలు వ్యాసార్ధాలు కావు, వ్యాసార్ధాల వర్గాలు. వర్గమూలం మీరే తీసుకోవాలి. ఇందులో నేనే పడ్డాను. మొదటిసారి సీ-ఆల్ఫాలతో సరిచూస్తే సున్నా డైమెన్షన్ బార్లన్నీ 3.6 దగ్గర ఆగాయి. వరుసగా ఉన్న రెండు సీ-ఆల్ఫాల మధ్య దూరం 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు కదా, దగ్గరగానే వచ్చిందిలే అని సంతోషించాను. అసలు లెక్క ఏమిటంటే, 3.8 దూరానికి వ్యాసార్ధం 1.9, దాని వర్గం 3.61. యాదృచ్ఛికంగా 3.8 పక్కన వచ్చి నిలబడింది! ఆ తప్పుతోనే నెల రోజులు పనిచేసి, ఓ సెమినార్‌లో గ్రాఫులు చూపించాక, వెనక వరసలోంచి ఒకాయన లేచి "యూనిట్లేమిటమ్మా" అని అడిగేదాకా తెలియలేదు.

సరిచూసుకోండి: సీ-ఆల్ఫాలను మాత్రమే పెట్టి ఒకసారి నడపండి. 162 చుక్కలకు సున్నా డైమెన్షన్‌లో 162 బార్లు రావాలి, ఒకటి అనంతం దాకా పోవాలి, మిగతా 161 వర్గమూలం తీశాక దాదాపు అన్నీ 1.9 దగ్గర ఆగాలి. ఏదైనా ఒకటి బాగా ముందుకు పోతే గొలుసులో ఎక్కడో అమైనో ఆమ్లం తప్పిపోయినట్టే. తర్వాత అన్ని పరమాణువులతో నడిపితే అవే బార్లు 0.6 నుంచి 0.9 మధ్య ఆగాలి, ఎందుకంటే అవి రసాయన బంధాల పొడవుల్లో సగాలు.

రిప్సర్ (రిప్స్ పద్ధతితో నడిచే ప్రోగ్రామ్) లాంటి వాటితో వచ్చిన అంకెలు పక్కన పెట్టి పోల్చొద్దు. అవి దూరాలు, ఇవి వ్యాసార్ధాలు. రెట్టింపు తేడా ఉంటుంది.

5. 3.1 దగ్గర నిలువుగీత గీయండి

రెండో డైమెన్షన్‌లో బార్లు బోలెడు వస్తాయి, వైల్డ్ టైప్‌లోనూ వస్తాయి. భయపడకండి. పరమాణువుల మధ్య సందులు ఎప్పుడూ ఉంటాయి, అందులో ఎక్కువ చిన్న చిన్నవి. పట్టించుకోవాల్సిన వాటిని ఏరడానికి ఒక సులువు చెప్తాను.

కార్బన్ వ్యాసార్ధం 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువును గోళంగా అనుకుంటే దాని వ్యాసార్ధం 1.4. రెండూ కలిపితే 3.1. చుక్కల చుట్టూ గోళాలు 3.1 దాకా పెరిగినప్పుడు ఇంకా మిగిలి ఉన్న మూసిన ఖాళీ అంటే, లోపల నీటి అణువు పట్టేంత చోటు ఉంది, బయటి నుంచి అది దూరే దారి లేదు అని అర్థం. కాబట్టి 3.1 కంటే ముందు పుట్టి 3.1 తర్వాత పోయిన బార్లు, అంటే ఈ నిలువుగీతను అడ్డంగా దాటే బార్లే మనకు కావలసిన డొల్లలు.

పొడవైన బార్ కనబడగానే "ఇదే" అనుకోవద్దు. టీ4 లైసోజైమ్‌కు రెండు భాగాల మధ్య ఒక లోతైన చీలిక ఉంది, ఎంజైమ్ పనిచేసే చోటు అది. గోళాలు బాగా పెరిగాక ఆ చీలిక మూతి మూసుకుని అది కూడా డొల్లలా నటిస్తుంది. కానీ అలాంటిది ఆలస్యంగా పుడుతుంది, గీతకు కుడివైపున. పొడవుతో పాటు పుట్టిన చోటు కూడా చూస్తే మోసపోరు.

హైడ్రోజన్లు లేవు కాబట్టి 3.1 అనేది రాతి మీద గీత కాదు. 3.3కి లోపే ముగిసే బార్లను నేను అనుమానంగానే చూస్తాను.

6. డొల్ల ఎక్కడుందో పరమాణువుల పేర్లతో రాబట్టండి

ఇది చేయకుండా ఎవరూ రిపోర్ట్ రాయొద్దు. బార్‌కోడ్ ఎంత అందంగా ఉన్నా చోటు చెప్పదు. గుధీలో పర్సిస్టెన్స్ జంటలు అడిగితే, ఆ బార్ ముగియడానికి కారణమైన నాలుగు చుక్కల గుంపును ఇస్తుంది. ఆ చుక్కల వరుస సంఖ్యల నుంచి పరమాణువు పేరు, అమైనో ఆమ్లం సంఖ్య తీయండి. (చుక్కల జాబితా తయారు చేసేటప్పుడే పేర్ల జాబితా కూడా పక్కన అదే వరసలో కట్టుకోవాలి. మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చేవాళ్లే ఎక్కువ. గుధీ అప్పుడప్పుడు చుక్కల వరస మారుస్తుంది కూడా, అందుకని సంఖ్యను గుడ్డిగా నమ్మకుండా గుధీ నుంచే చుక్క స్థానాన్ని అడిగి మీ జాబితాతో కలిపి చూడండి.)

మన మ్యుటెంట్‌లో ఈ డొల్ల గోడలు ఏవో ప్రయోగాల నుంచి తెలుసు: 78, 84, 87, 88, 91, 99, 102, 103, 111, 118, 121, 133, 153. మీకు దొరికిన నాలుగు పరమాణువులు ఈ జాబితాలోవి అయితే పట్టుకున్నట్టే. 20 దగ్గరో 30 దగ్గరో వస్తే మీరు చీలికను పట్టుకున్నారు. కైమెరాఎక్స్‌లో ఆ నాలుగింటినీ రంగు వేసి కళ్లతో చూడండి.

7. 'మ్యుటేషన్ వల్లే' అని తేల్చే నాలుగు పోలికలు

రెండు బార్‌కోడ్ల మధ్య దూరం పెర్సిమ్‌తో కొలవండి. బాటిల్‌నెక్ దూరం అన్నిటికంటే పెద్ద ఒక్క మార్పునే చూస్తుంది. వాసర్‌స్టైన్ దూరం చిన్నా పెద్దా అన్నీ కూడుతుంది. ఒక్క డొల్ల పడిన చోట నాకు బాటిల్‌నెక్ మీదే నమ్మకం. వాసర్‌స్టైన్‌లో వందల చిన్న బార్ల చిల్లర కూడి పెద్ద నోటులా కనబడుతుంది. అనంతం దాకా పోయే బార్‌ను దూరం కొలిచే ముందు తీసేయండి, లేకపోతే ఫలితం కూడా అనంతం అనో, తప్పు అనో వస్తుంది.

ఇప్పుడు రెండో డైమెన్షన్‌లో ఈ నాలుగు జంటలు కొలిచి ఒక పట్టికలో రాయండి.

మొదటిది, 1ఎల్63కి 1ఎల్90. మన అసలు ప్రశ్న.

రెండోది, 1ఎల్90కి 4డబ్ల్యూ51. ఇవి రెండూ ఒకే మ్యుటెంట్. వీటి మధ్య వచ్చే తేడా మ్యుటేషన్‌ది కాదు. స్ఫటికం వేరు, ఉష్ణోగ్రత వేరు, లెక్క కట్టినవాళ్లు వేరు. ఆ తేడా పేరే నాయిస్. మొదటి జంట తేడా దీనికంటే స్పష్టంగా ఎక్కువ లేకపోతే మీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, అలాగే రాయండి. "మస్తు రిజల్ట్" అని ఫోన్ చేసినవాళ్లలో ఈ జంట కొలిచినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

మూడోది కాగితం మ్యుటెంట్. 1ఎల్63 ఫైల్ తీసుకుని 99వ ల్యూసిన్‌లోంచి చివరి మూడు కార్బన్లను చేత్తో తీసేయండి, ఇంకేమీ కదపొద్దు. దీన్ని 1ఎల్90తో పోల్చండి. రెండింట్లోనూ ఇప్పుడు పరమాణువులు ఒక్కటొక్కటిగా సరిపోతాయి. తేడా ఏమైనా ఉంటే అది మూడు కార్బన్లు పోయాక చుట్టుపక్కలవాళ్లు ఎంత జరిగారనేదే. మూడో జంటను తప్పు పట్టుకోవడానికి కూడా వాడొచ్చు: ఒక్కో పరమాణువూ మహా అయితే 0.5 ఆంగ్‌స్ట్రామ్ జరిగిందంటే బాటిల్‌నెక్ దూరం 0.5 దాటదు, ఇది నిరూపించిన సిద్ధాంతం. దాటిందంటే మీ కోడ్‌లో తప్పుంది, చాలావరకు ఆ వర్గమూలమే. (ఎంత జరిగాయో కొలవడానికి మాత్రం ముందు రెండు ప్రొటీన్లనూ ఒకదానిమీద ఒకటి సర్దాలి.)

నాలుగోది 181ఎల్: బెంజీన్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. బెంజీన్ ఉన్నప్పుడు 6వ అంచెలో మీరు పట్టుకున్న బార్ 3.1 గీత దగ్గర మాయం కావాలి లేదా బాగా కురచ కావాలి. డొల్లను నింపితే బార్ పోవాలి కదా. పోకపోతే మీరు చూస్తున్నది వేరే డొల్ల.

8. ప్రయోగ స్ట్రక్చర్ లేని మ్యుటేషన్ అయితే

మీ ప్రాజెక్టులోని మ్యుటేషన్‌కు పీడీబీలో ఫైల్ ఉండకపోవచ్చు. అప్పుడు చాలామంది మారిన అమైనో ఆమ్లాల వరుసను ఆల్ఫాఫోల్డ్‌కు (వరుస నుంచి స్ట్రక్చర్ అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్) ఇచ్చి స్ట్రక్చర్ తెప్పించుకుంటారు. ఒక్క అక్షరం మారితే అది దాదాపు పాత స్ట్రక్చర్‌నే తిరిగి ఇస్తుంది. దాన్ని పోల్చి "మ్యుటేషన్ హానికరం కాదు" అని రాస్తారు. రాయకండి. పాయింట్ మ్యుటేషన్ల ప్రభావం చెప్పడానికి దాన్ని పరీక్షించలేదని తయారుచేసినవాళ్లే చెప్పారు.

దానికి బదులు వైల్డ్ టైప్ స్ట్రక్చర్ తీసుకుని ఫోల్డ్‌ఎక్స్ అనే ప్రోగ్రామ్‌తో (చదువుకునేవాళ్లకు ఉచితం) లేదా కైమెరాఎక్స్‌లో పక్క గొలుసు మార్చి, చుట్టుపక్కల కాస్త సర్దుబాటు చేయించండి. వైల్డ్ టైప్‌ను కూడా అదే సర్దుబాటు గుండా పంపాలి. ఒక్క మ్యుటెంట్‌నే పంపితే మీరు కొలిచేది సాఫ్ట్‌వేర్ చేసిన మార్పును. పెద్ద అమైనో ఆమ్లం పోయి చిన్నది వచ్చిన చోట కాగితం మ్యుటెంట్ పద్ధతి కూడా ఒక మోస్తరుగా సరిపోతుంది. చిన్నది పోయి పెద్దది వచ్చే చోట అది కుదరదు.

9. రిపోర్ట్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

నాలుగు పోలికల పట్టిక, గీతను దాటిన బార్లు పుట్టిన, ముగిసిన విలువలు, వాటి నాలుగేసి పరమాణువుల పేర్లు, శుభ్రం చేసినప్పుడు ఏమేం తీసేశారు, లైబ్రరీల వెర్షన్లు. ఇవి చాలు.

"డొల్ల పడింది కాబట్టి స్థిరత్వం ఇంత తగ్గింది" అని అంకె వేయొద్దు. బార్‌కోడ్‌కు శక్తి తెలియదు. ఈ మ్యుటెంట్ స్థిరత్వం మోల్‌కు సుమారు 5 కిలోకేలరీలు తగ్గిందని మనకు తెలిసింది ప్రయోగం చేసి కొలిచినందువల్ల. వైవాలో ఈ ఒక్క వాక్యం దగ్గరే పట్టుకుంటారు.

ఇదంతా సరిగ్గా వచ్చాక ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే, అదే ప్రొటీన్‌లో 1992లో కలిపి ప్రచురించిన ఆరు మ్యుటేషన్లున్నాయి: 46, 99, 118, 121, 133 స్థానాల్లో ల్యూసిన్, 153లో ఫెనైల్‌అలనిన్, అన్నీ అలనిన్‌గా మార్చినవే. స్థిరత్వం తగ్గడం 2.7 నుంచి 5.0 కిలోకేలరీల దాకా ఉంది, డొల్ల పెద్దదైన కొద్దీ ఎక్కువ తగ్గింది. మీ బార్లను పొడవు ప్రకారం వరసలో పెట్టి, ఆ వరసతో కలుస్తుందేమో చూడండి. ఆరింటినీ ఒకే స్క్రిప్టుతో నడపండి, ఫైలు పేరు, మారిన స్థానం తప్ప లోపల ఇంకేదీ ముట్టుకోకుండా. 153 దగ్గర పరమాణువుల లెక్క మాత్రం 8, 5 రాదు. ఫెనైల్‌అలనిన్ కాబట్టి 11, 5 వస్తుంది, అది తప్పు అనుకుని నాకు ఫోన్ చేయకండి.